పంతొమ్మిది మంది

హల్ నగరంలో టెలిఫోన్ పెట్టెలు మీగడ రంగు.
దేశమంతా ఎరుపు పూసుకున్నా
ఈ ఒక్క ఊరు ఒప్పుకోలేదు.
అలాంటి ఒక పెట్టె పక్కన, మార్కెట్టు సందులో
పగిలిన ఫోన్లకి అద్దాలు మారుస్తాను నేను.

నా సొరుగుల్లో లోకం లెక్క ఇది:
పై ఐదూ ఒక రకం ఫోన్లవి,
కింది రెండూ ఇంకో రకంవి.
మూడో రకానికి సొరుగు లేదు,
మూత వదులైన బిస్కెట్ డబ్బా ఉంది.

ఎక్కువ అమ్ముడైనవే ఎక్కువ పగిలి వస్తాయి.
పగలనివి నా దాకా రావు.
ఏది మంచిదని నన్నడిగితే ఎలా?
ఆసుపత్రి వరండాలో కూర్చున్నదానికి
ఆరోగ్యవంతుల సంగతి ఏం తెలుస్తుంది?

రాకరాక ఒకాయన వచ్చారు.
డెరెక్ థర్కెల్. డెబ్బై ఎనిమిదేళ్ళు.
ఒకప్పుడు చేపల ఓడల మీద రేడియో మనిషి.
కోటు లోపలి జేబులోంచి తీసి బల్ల మీద పెట్టారు
మూడో రకం.

"బ్యాటరీ ఉబ్బింది. మిగతాదంతా బాగానే ఉంది."

నిజమే, బాగానే ఉంది.
వేలు తగిలీ తగలకముందే జరిగే తెర,
చెరిగి పోసిన బియ్యమంత శుభ్రంగా అక్షరాలు.
ఇంత ఒద్దికైన పనితనం ఆ తర్వాత నేను చూడలేదు.
కానీ బ్యాంకు దాన్ని గుర్తుపట్టదు,
కార్లు నిలిపే చోట మీటరు మొహం తిప్పుకుంటుంది,
కన్న కంపెనీయే దాని పేరెత్తదు.

నలుగురితో నారాయణ అనమంటారు.
ఆ నలుగురూ ఎవరని వెతికితే
అందులో ఒకదాన్ని నేనే.
కొనేవాళ్ళు లేరని దాని తొడుగులు తెప్పించను.
తొడుగు కూడా దొరకదని వాళ్ళు కొనరు.
తన తోక తానే మింగే ఈ పాముకి
జనం తీర్పని పేరు పెట్టి
పేపర్లో గుండ్రని బొమ్మ వేస్తారు, అట్టు కోసినట్టు.
మాడిన అంచంత పీలిక, మూడోది.

ఆయన వేళ్ళు బల్ల మీద ఊరికే ఉండడం లేదు.
టక్. టక టక్.
"మోర్సా?" అన్నాను.
"ఇప్పుడు దాని వాటా సున్నా," నవ్వారు.
"ఐస్‌లాండ్ దగ్గర ఓ రాత్రి
గొంతులన్నీ గాలికి కొట్టుకుపోతే
ఒడ్డుకి చేరింది ఆ చుక్కా గీతా మాత్రమే."
"అయితే దాన్ని వదిలేయడం తప్పంటారా?"
"తప్పని ఎవరన్నారు?
ఇప్పుడు నేను కొడితే బదులిచ్చేదెవరు?"

కొత్త బ్యాటరీ వేసి వెలిగించాను.
మొదటి వరుసలోనే ఉంది,
నీలం గడిలో తెల్లటి అల.
హంబర్ నది ఆటుపోట్ల వేళలు.

అది నేను రాసింది.
వెనకటి ఉద్యోగంలో ఉండగా
రాత్రుళ్ళు మేలుకుని, టీ మీద టీ తాగి.
ఒక మార్చి నెలలో లెక్క చూస్తే
వాడేవాళ్ళు పంతొమ్మిది మంది.
పంతొమ్మిది మంది కోసం సర్వరుకి అద్దె కడతారా ఎవరైనా?
ఒక్క మీట నొక్కాను.
వేలికేమీ తెలియలేదు.

"ఇదొక్కటే ఓ మార్చిలో ఆగిపోయింది.
ఎందుకంటావ్?"
మాట గొంతు దాకా వచ్చింది.
"పాత ఫోన్లకి అంతేనండీ," అన్నాను.

పన్నెండు పౌండ్లు తీసుకుని
రసీదు వెనక వారం రోజుల పోటు వేళలు
చేత్తో రాసి ఇచ్చాను.
కళ్ళద్దాలు నుదుటికెత్తి చదివారు.
"గురువారం తప్పు. పావుగంట వెనక వేశావు."

"మీకు నోటికొచ్చా? మరి అదెందుకు పెట్టుకున్నారు?"

"తప్పు పట్టుకుందామని.
నాలుగేళ్ళు, రోజూ పొద్దున్నే చూసేవాణ్ణి.
ఒక్కటీ దొరకలేదు."

టోపీ సర్దుకుని
మీగడ రంగు పెట్టె పక్కనుంచి
వానలోకి వెళ్ళిపోయారు.